ముత్యాలు ఉమ్మి లెక్క

మన్సూరాబాద్, ఎల్బీ నగర్
సెప్టెంబర్ 12

చిరంజీవి విజయశ్రీకి అమ్మమ్మ కోటేశ్వరమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపించిన చిన్న ఫ్రీజరు చేరింది. వరండాలో పెట్టించాను. గుర్రం ఉమ్మి నా పెరుగు గిన్నె పక్కన ఉండటానికి నువ్వు ఎంత పశువైద్యం చదివినా నేను ఒప్పుకోను. ఫోనులో నాకు సగం మాటలు వినిపించవు, వినిపించిన సగం నువ్వు తర్వాత కాదంటావు. కాబట్టి ఈ పనికి సంబంధించినవన్నీ కాగితం మీదే ఉండాలి.

నువ్వు చెప్పిన పద్ధతి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరున్నర వరకు గుర్రం ముత్యాలు నోట గడ్డిపోచ కూడా పడకూడదు. ఆరున్నరకు సైదులు స్పాంజి ముక్కను పట్టుకారుతో దాని పళ్ల మధ్య పెడతాడు. అది నమిలి తడిపాక గొట్టంలో వేసి మూత పెడతాడు. నేను తేదీ, వేళ, అతని పేరు రాస్తాను. పదిహేను రోజులకొకసారి ఇక్కడి పశువైద్య కాలేజీ డాక్టరు వచ్చి మెడ నుంచి రక్తం తీస్తాడు. నెలకొకసారి జీపు వచ్చి గొట్టాలన్నీ మంచు పెట్టెలో తీసుకుపోతుంది.

సైదులుని నువ్వు ఒక్కసారే చూశావు. నల్గొండ పక్క ఊరి నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. మన వీధి చివర ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో ఉంటాడు. పెళ్లికొడుకుల బరాతు ఊరేగింపులకు ముత్యాలునే నడిపిస్తాడు. ఆ తెల్లగుర్రం ఈ మధ్య దాణా సగంలో వదిలేస్తోంది, జీను పట్టీ బిగిస్తుంటే పళ్లు కొరుకుతోంది. నీకు అనుమానం వచ్చింది సబబే అనిపిస్తోంది.

మొదటి రోజు గొట్టం మీద కాగితం అంటిస్తుంటే సైదులు చూసి, "టీచరమ్మా, ఉమ్మికి గూడ హాజరు పట్టీ పెట్టిన్రా? ఇగ లద్దె ఒక్కటే మిగిలింది" అన్నాడు. నేను నవ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను, హాజరు పట్టీ రాశాను. ఒక్క కొట్టివేత లేదు. ఇందులోనూ ఉండదు.

అమ్మమ్మ

*

హిస్సార్
సెప్టెంబర్ 20

అమ్మమ్మకి నమస్కారాలు.

పద్ధతి నువ్వు రాసిందే సరైనది. నువ్వు పంపిన మొదటి వారం పేజీల నకళ్లు మా గైడుకి చూపించాను. తెలుగు రాకపోయినా అంకెలు చూసి, ఈవిడ్ని మన ల్యాబులో పెట్టుకోవచ్చా అని అడిగారు.

ఇదంతా ఎందుకని సైదులు అడిగితే ఇలా చెప్పు. గుర్రం కడుపులో పుండు ఉందో లేదో చూడాలంటే మూడు మీటర్ల కెమెరా గొట్టం ముక్కులోంచి కడుపులోకి దించాలి. దానికి ముందు చాలా గంటలు పస్తు ఉంచాలి, మత్తు ఇవ్వాలి. ఆ సౌకర్యం ఉన్న చోట్లు తక్కువ. పుండున్న గుర్రం ఉమ్మిలోనూ రక్తంలోనూ కొన్ని ప్రోటీన్ల మోతాదు మారుతుందని కొందరు గమనించారు. ఆ మార్పు మన బరాతు గుర్రాల్లో నమ్మదగినట్టు కనిపిస్తుందా అన్నదే నా పని. కనిపిస్తే, ఏ గుర్రానికి ఆ గొట్టం వేయాలో ఒక స్పాంజి ముక్క చెబుతుంది.

ఒక్క చిక్కు. గుర్రానికి నమిలినప్పుడే ఉమ్మి ధారగా ఊరుతుంది. ఏదైనా తిన్న వెంటనే తీస్తే లెక్క మొత్తం మారిపోతుంది. అందుకే ఆ నాలుగు నుంచి ఆరున్నర మీద నాకు అంత పట్టు. అంతకంటే ఎక్కువసేపు పస్తు పెట్టనివ్వను. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. వాటికి నీ ఏకాదశులు పనికిరావు అమ్మమ్మా.

నా దగ్గర మొత్తం తొమ్మిది గుర్రాలే ఉన్నాయి. అందులో రెండు దిల్‌సుఖ్‌నగర్ దశరథ గారివి. నవంబర్లో లెక్కలు తేలాక, అనుమానం ఉన్న వాటికి కాలేజీలో గొట్టం వేసి చూస్తారు. పుండు ఉంటే నెల రోజుల మందు పరిశోధన తరఫునే ఇస్తారు. లెక్క నమ్మలేకపోతే ఆ గుర్రాన్ని తీసేస్తారు, దానికి ఏదీ ఉండదు. ముత్యాలుకి ఆ మందు అందాలని నాకుంది.

నీ విజయ

*

మన్సూరాబాద్
అక్టోబర్ 20

చి. విజయకు,

రెండో నెల పేజీల నకళ్లు దీనితో పంపుతున్నాను. ఇరవై రెండో పేజీలో వేళ ఆరూ ముప్పై నాలుగు అని ఉంటుంది. ఆ రోజు వాన. నాలుగు నిమిషాల ఆలస్యానికి కారణం పక్కనే రాశాను.

కార్తీకం వస్తోంది, సైదులుకి వరసగా బరాతులున్నాయి. రాత్రి బ్యాండు మోతలో నిలబడి వచ్చిన గుర్రం పొద్దున్న నా ముందు తల వంచుకుని నిలబడుతుంది. ఇప్పుడు నన్ను గుర్తుపడుతోంది. నేను షెడ్డు గేటు తీయగానే చెవులు ముందుకు పెట్టి, దగ్గరకు రాగానే పమిట కొంగు వాసన చూస్తుంది. "మా ముత్యాలు నాకన్న మీకే ఇజ్జత్ ఇస్తది" అంటాడు సైదులు.

మొన్న శనివారం ద్వాదశి. ఏకాదశి ఉపవాసం బాగానే జరిగింది. ఉపవాసాలు మానమన్న నీ డాక్టరు స్నేహితురాలి మాటలు మళ్లీ రాయకు, నా కడుపు సంగతి నాకు తెలుసు. కాలనీలో తిరిగే ఆవులను పోయిన నెలలోనే మునిసిపాలిటీ వాళ్లు పట్టుకుపోయారు. అయినా పారణకు లోటు రాలేదు.

ఆరోగ్యం జాగ్రత్త. అక్కడ చలి మొదలై ఉంటుంది.

అమ్మమ్మ

*

హిస్సార్
నవంబర్ 12

అమ్మమ్మకి,

లెక్కలు వచ్చాయి. ఎనిమిది గుర్రాలవి అర్థమయ్యేట్టు ఉన్నాయి. ముత్యాలుదే చిక్కు. దాని గీత రెండు నెలల పాటు ఒకే ఎత్తులో, పుండు ఉందన్నట్టే నడిచింది. మధ్యలో మూడు రోజులు మాత్రం గుంటలో పడినట్టు కిందికి పోయింది. సెప్టెంబర్ 18, అక్టోబర్ 4, అక్టోబర్ 18. ఆ మూడు గొట్టాల్లో ఉమ్మి పల్చగా, ఎక్కువగా ఉంది. అడుగున ఏదో పొట్టు కూడా కనిపించిందని ల్యాబులో రాశారు.

ఆ రోజుల్లో ఏమైనా తేడా జరిగిందా? నీ పుస్తకంలో మూడు చోట్లా "నోరు శుభ్రం, వేళ 6.30" అనే ఉంది. మా గైడు, పద్ధతి తప్పిన గుర్రాన్ని ఉంచలేం అంటున్నారు. ఒకసారి గుర్తు చేసుకుని రాయి.

విజయ

*

మన్సూరాబాద్
నవంబర్ 17

చి. విజయకు,

నీ ఉత్తరం అందింది. నా పుస్తకంలో రాసిన వేళలన్నీ గడియారం చూసి రాసినవే. గొట్టాలపై అంటించిన కాగితాలు నా చేతి రాతే. ఫ్రీజరు ఒక్క రోజు కూడా ఆగలేదు. ప్రయాణంలోనో, మీ ల్యాబులోనో ఏమైనా జరిగిందేమో ముందు అక్కడ విచారించడం పద్ధతి.

చలికి పగుళ్లు వస్తాయి, కొబ్బరినూనె రాసుకో.

కోటేశ్వరమ్మ

*

హిస్సార్
నవంబర్ 22

అమ్మమ్మకి,

ల్యాబులో అన్నీ చూశాం, ఇక్కడ పొరపాటు లేదు. నీ దగ్గరా లేదు. ఇక మిగిలింది సైదులు. ఫోను చేసి అడిగాను. గట్టిగా అడిగితే, "అవు మేడం, పెట్టిన. ఆకలిగున్నదని జరంత పెట్టిన" అన్నాడు. మూడు రోజులూ తనే అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. అనకూడని మాటలు అన్నాను. ముత్యాలుని పరిశోధన నుంచి తీసేశాం. గైడు మిగతా గుర్రాలవాళ్లకు కూడా ఫోను చేసి, మీరు అలా చేయకండని సైదులు పేరు చెప్పి హెచ్చరించారు. దశరథ గారైతే, "గాయన మాట నమ్మి గుర్రాన్ని చేర్చుకునుడే తప్పు" అన్నారట.

రేపటి నుంచి ఉమ్మి తీయనక్కర్లేదు. ఫ్రీజరుని కాలేజీ వాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఇన్ని రోజులు నిన్ను శ్రమపెట్టాను.

విజయ

*

మన్సూరాబాద్
నవంబర్ 27

విజయా,

ఈ ఉత్తరం కూర్చుని ఒక్కసారే చదువు.

ముత్యాలుకి ఆ మూడు రోజులూ తిండి పెట్టింది నేను.

నేను ప్రతి ఏకాదశీ ఉపవాసం ఉంటానని నీకు తెలుసు. ద్వాదశి నాడు సూర్యోదయం కాగానే ప్రసాదంలో మొదటి ముద్ద ఒక ప్రాణికి పెట్టి, తర్వాతే నేను నోట్లో వేసుకోవాలి. మా అత్తగారు నేర్పిన పద్ధతి. నలభై ఒక్క ఏళ్లుగా తప్పలేదు. ఎప్పుడూ ఆవుకి పెట్టేదాన్ని. ఆవులు లేకుండా పోయాక వచ్చిన మొదటి ద్వాదశి పొద్దున్న గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లాను. ముత్యాలు కనిపించింది. నానబెట్టిన పొట్టు పెసరపప్పు, బెల్లం, అరటిపండు ముక్క. ఆరూ పదికి పెట్టాను. ఆరున్నరకు స్పాంజి పెట్టించాను. మధ్యలో నీళ్లతో దాని మూతి తుడిచి "నోరు శుభ్రం" అని రాశాను.

నువ్వు పంపిన మూడు తేదీలు చదివి గోడ మీద పంచాంగం చూశాను. మూడూ ద్వాదశులే. నవంబర్ రెండున కూడా ద్వాదశే గానీ ఆ రోజు పారణ వేళ మధ్యాహ్నానికి పడింది, ఉమ్మి పొద్దున్నే తీసేశాం. ఆ రోజు నీ గీత తిన్నగా ఉందంటే ఇదే కారణం. అంటే నీ ఉత్తరం అందిన నిమిషంలోనే నాకు సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ పదిహేడో తారీకు ఉత్తరం రాశాను. దాన్ని మళ్లీ చదువు. అందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. అలా ఉండేట్టు చూసుకునే రాశాను.

ప్రసాదం తిండి లెక్కలోకి రాదని మా ఇంట్లో మాట. మొదటిసారి నిజంగా అలాగే అనుకుని పుస్తకంలో రాయలేదు. రెండోసారి మాత్రం రాయనా వద్దా అని కలం పట్టుకుని ఆగాను. ఆగానంటే తప్పని తెలిసిందన్న మాట. మూడోసారి ఆగలేదు కూడా. ఇరవై నిమిషాలు, విజయా. స్పాంజి తీశాక పెట్టి ఉంటే నా వ్రతం చెడేది కాదు, నీ లెక్కా చెడేది కాదు. నాకు ఆకలి వేసింది. సూర్యుడు వచ్చాక ఒక్క క్షణం ఆగని మనిషిని అని పేరు ఉంది కదా, ఆ పేరు కోసం ఆగలేదు.

నీ ఇరవై రెండో తారీకు ఉత్తరం నిన్న అందింది. వెంటనే షెడ్డుకి వెళ్లాను. సైదులు ముత్యాలుకి మాలిష్ చేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"సైదులూ, నువ్వు పెట్టానని ఎందుకు చెప్పావు?"

"ఉన్న మాటనే చెప్పిన టీచరమ్మా."

"నువ్వు చూశావా, నేను పెట్టడం?"

మాలిష్ ఆపలేదు. "చూసిన. మూడు మాట్లు చూసిన."

"మరి అప్పుడే వద్దని అనలేదేం?"

"ఏమనాలె? దేవుని ప్రసాదం పట్టుకొని మీరొస్తే, గుర్రం మూతి పట్టి ఎనకకు గుంజాల్నా? గదీగాక మీరు పుస్తకంల రాస్తరనుకున్న. రాసుడు మీ పని, నాకేమెర్క."

"విజయ అడిగినప్పుడు నా పేరు చెప్పాల్సింది."

అప్పుడు చేయి ఆపి నా వైపు తిరిగాడు. "మాట పడుడు నాకు అలవాటే టీచరమ్మా. బరాతుల తాగినోళ్లు గూడ అంటరు. మీకు అలవాటు లేదు. మనుమరాలి ముందట తల దించుకుంటే మీకు ఎట్లుంటది?"

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల అరచేతుల మీద బెత్తంతో ఎందుకు కొట్టాను? తప్పు చేసినందుకు కాదు, దాచినందుకు. ఏ తప్పుకైనా క్షమాపణ ఉంటుంది, దాచినదానికి ఉండదని వాళ్లతో పలక మీద రాయించాను. నిన్న రేకుల షెడ్డులో ఒక మనిషి నా తప్పు తన మీద వేసుకుని నాకు స్టూలు తుడిచి ఇచ్చాడు.

ముత్యాలు నా కొంగు వాసన చూసింది. ఆ అలవాటు నేను నేర్పిందే. నువ్వు ఏమి చేయాలో అది చెయ్యి. నాకు మొహమాటపడి ఏదీ తగ్గించకు.

అమ్మమ్మ

*

హిస్సార్
డిసెంబర్ 4

అమ్మమ్మా,

మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. నీ మీద కోపంతో అనుకున్నాను. కాదు.

ఆ రోజు సైదులుతో నేను అన్న మాట నీకు రాయలేదు. "మీలాంటి వాళ్లతో ఇదే తంటా, ఎంత చెప్పినా ఎక్కదు" అన్నాను. ఆయన "అవు మేడం" అన్నాడు. అంతే. నీ వయసులో సగం కూడా లేని నేను, నా తండ్రి వయసున్న మనిషిని అలా అన్నాను. నిన్ను మాత్రం ఒక్క ప్రశ్న కూడా గట్టిగా అడగలేదు. అది నీ మీద గౌరవం అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, ఎవరిని అనుమానించాలో ముందే తేల్చుకుని లెక్కలకు కూర్చున్నానని. పరిశోధన చేసేవాళ్లు చేయకూడని పని అదే.

నీ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి గైడుకి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. తర్వాత, ఏ రోజు ఎన్ని గంటలకు ఏమి పెట్టారో సంతకంతో రాసి పంపమను, నీ థీసిస్ వెనక జత చేయాలి అన్నారు. నీ పేరు అచ్చులో పడుతుంది. ఆ మూడు రోజులు తీసేస్తే ముత్యాలు లెక్క నిలుస్తుంది. నవంబర్ రెండు సంగతి నువ్వు రాయకపోతే ఆయన ఒప్పుకునేవారు కాదు. రక్తంలోని ప్రోటీన్లు కూడా అదే మాట చెబుతున్నాయి. డిసెంబర్ 11న కాలేజీలో గొట్టం వేస్తారు. ఉమ్మి తీయడం మళ్లీ మొదలుపెట్టండి, ఫ్రీజరు ఇంకా అక్కడే ఉంది కదా.

సైదులుకి ఫోను చేసి క్షమించమని అడిగాను. "పోనియ్ బిడ్డా, చదువుకున్నోళ్లకు పరేషాన్లు ఎక్కువుంటయ్" అన్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

దశరథ గారికి గైడు మళ్లీ ఫోను చేస్తానన్నారు. కానీ దశరథ గారి నోట పడ్డ మాట దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీర్‌పేట్ దాకా గుర్రాలవాళ్లందరికీ పాకింది. ఫోనుతో అది పోదేమో.

విజయ

*

మన్సూరాబాద్
డిసెంబర్ 17

చి. విజయకు ఆశీస్సులు.

నువ్వు అడిగిన కాగితం సంతకంతో దీనితో ఉంది. మూడు తేదీలు, వేళలు, పెట్టిన పదార్థాలు, ఎంతెంత. నా పూర్తి పేరు, రిటైర్డ్ లెక్కల టీచరు అని కూడా రాశాను. అచ్చులో అది కూడా పడాలి.

ఫోనుతో పోదన్నావు. అది నిజమే. తొమ్మిదో తారీకు సైదులుని వెంటబెట్టుకుని ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. దారంతా అతను, "వద్దు టీచరమ్మా, ఆళ్ల నోరు మంచిది కాదు" అంటూనే ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో దశరథ షెడ్డు దగ్గర నలుగురు టీ తాగుతున్నారు. అందులో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లు, నన్ను చూసి లేచి నిలబడ్డారు. నాకు అప్పుడే వెనక్కి తిరిగి పోవాలనిపించింది.

దశరథ లేవలేదు. "ఏంది సైదులూ, పెద్దమ్మను సాక్ష్యానికి తెచ్చుకున్నవా?" అన్నాడు.

"సాక్ష్యానికి కాదు నాయనా, నేరం చేసింది నేనే" అన్నాను. పొద్దున్న ఆరూ పదికి పెట్టిన ముద్ద నుంచి చెప్పడం మొదలుపెట్టి పదిహేడో తారీకు ఉత్తరం దాకా మొత్తం చెప్పాను. నిలబడిన ఆ ఇద్దరూ నేల చూస్తున్నారు. నేనూ అదే చూస్తున్నాను.

దశరథ గ్లాసు కింద పెట్టాడు. "గీ వయసుల మెట్రోలెక్కి గింత మాట కోసం ఒచ్చినవా పెద్దమ్మా?"

"ఇంత మాటే అతని మీద పడింది."

అతను సైదులు వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పొద్దారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇంకో రెండు టీలు తెమ్మని కేక వేశాడు. నేను బయట టీ తాగనని నీకు తెలుసు. ఆ రోజు తాగాను.

గొట్టం సంగతి కాలేజీ వాళ్లు నీకు చెప్పే ఉంటారు. కడుపు పైభాగంలో రెండు పుండ్లు. తెరమీద నేనూ చూశాను, ఎర్రగా, అంచులు తెల్లగా. నీ స్పాంజి ముక్కలు చెప్పింది నిజమే. మందు మొదలైంది. శుక్ర మూఢం వచ్చింది కాబట్టి ఫిబ్రవరి దాకా పెళ్లిళ్లు లేవు, బ్యాండు మోత లేదు. నిన్న దాణా మొత్తం తిన్నది.

నిన్న ద్వాదశి. డాక్టరు బెల్లం, అరటిపండు పెట్టవద్దన్నాడు. గుప్పెడు లూసర్న్ గడ్డి కడిగి దేవుడి ముందు పెట్టాను. గడ్డి నైవేద్యం పెట్టడం నా జన్మలో ఇదే మొదలు. ఆరుంబావుకే షెడ్డుకి వెళ్లి, గడ్డి సంచి సైదులు చేతికిచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. ముత్యాలు వచ్చి నా కొంగు లాగింది. ఇద్దరం ఖాళీ కడుపులతో అలాగే నిలబడ్డాం. ఆరున్నరకు స్పాంజి అయింది. సూర్యుడు తర్వాతే వచ్చాడు.

పుస్తకంలో కొత్త వరస ఒకటి గీశాను. దాని పేరు "నోట పడినవి". నిన్నటిది ఇలా ఉంది: "6.44, లూసర్న్ గడ్డి గుప్పెడు, ప్రసాదం. పెట్టింది కోటేశ్వరమ్మ." చూసినవాళ్ల సంతకం కోసం కలం సైదులుకిచ్చాను.

"నేను చూసిన అని రాయాల్నా?"

"చూసింది చూసినట్టు రాయి."

ఏడో తరగతి దాకా చదివాడట. ఒక్కొక్క అక్షరం నొక్కి రాశాడు. రాసి, పుస్తకం మూయకుండా, "మరి గా పాత మూడు రోజులయి?" అని అడిగాడు.

ఆ పేజీలు తీశాను. మూడు చోట్లా "నోరు శుభ్రం" అన్న మాట మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన జరిగింది రాశాను. మూడింటి కిందా అతను సంతకం చేశాడు. ఆ పేజీలు చింపకుండా పుస్తకమే నీకు పంపిస్తున్నాను. రేపటి నుంచి కొత్త పుస్తకం. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత నా రాతలో ఇవే మొదటి కొట్టివేతలు. చూడటానికి అందంగా లేవు. మీ గైడుకి ముందు ఆ పేజీలే చూపించు.

అమ్మమ్మ